ఎరుపంటిన చేతులు

ఇంతవరకూ జరిగింది ముందు గబగబా చెప్పేస్తాను. వారం వారం చదువుతున్నవాళ్లు ఓ నిమిషం ఓపిక పట్టాలి.

నా పేరు హయాత్. గుంటూరు పక్కన నల్లపాడులో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. "సాయిబుగారూ, మీరు తెలుగు పంతులా?" అని ఆశ్చర్యపోయేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. మా తాత నన్ను తిట్టింది కూడా తెలుగులోనే అని చెప్పి ఊరుకుంటాను.

నా దగ్గర ఫైనలియర్ చదివే శ్రీదుర్గకి వచ్చే ఆదివారం తాంబూలాలు. పెళ్లికొడుకు వాళ్ల బావ శశిభూషణ్. అంటే చనిపోయిన వాళ్లక్క రాజరాజేశ్వరి భర్త. దర్శి దగ్గర మిరపా పత్తీ పండే పొలాలున్నాయి, టౌన్లో లెక్చరర్ ఉద్యోగం ఉంది, అయిదేళ్ల కూతురుంది. భార్య పోయిన దగ్గర్నుంచీ కవిగా పేరు కూడా వచ్చింది.

రాజేశ్వరికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. మిరప ఘాటు అస్సలు పడేది కాదు. కాయలు కళ్లాల్లో ఎండబెట్టే రోజుల్లో పుట్టింటికి పంపమని తండ్రి అనంతపద్మనాభం గారు ఏటా బతిమాలేవారు. ఏటా అల్లుడికి ఏదో ఒక వంక దొరికేది. రెండేళ్ల కిందట, కాయలు కళ్లంలో ఎండుతున్న రోజుల్లోనే, ఓ మధ్యాహ్నం ఆయాసం ముదిరి ఆ అమ్మాయి ఇంట్లోనే పోయింది. శశిభూషణ్ చెప్పింది ఇదీ: ఆ రోజు కూలీలు రాకపోతే తనొక్కడే కళ్లం మీద కాయలు తిరగేస్తున్నాడు. ఎందుకో గుండె ఝల్లుమని ఇంటికి పరుగెత్తాడు. వెళ్లేసరికి భార్య కొన ఊపిరితో ఉంది. తన చెల్లెల్ని చేసుకోమనీ, పాపని దాని ఒడిలో పెట్టమనీ చెప్పి కన్నుమూసింది. పదకొండో రోజున బంధువులందరి ముందూ ఈ మాట చెప్పాడు. ఆ తర్వాత అదే సంగతితో "చివరి మాట" అనే కవిత అచ్చు వేయించాడు. అది చదివి ఏడవని వాళ్లు ఈ రెండు జిల్లాల్లోనూ తక్కువ.

అనంతపద్మనాభం గారు పురోహితులు. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లూ కర్మకాండలూ ఆయన చేతి మీదే నడుస్తాయి. పోయినవాళ్ల ఆఖరి కోరిక తీర్చకపోతే వాళ్లకి గతులుండవని ఊరందరికీ చెప్పే మనిషి, సొంత కూతురి మాట దాటతాడా? "నాకిష్టం లేదు నాన్నా" అనే మాట దుర్గ ఎన్నిసార్లు గొంతు దాకా తెచ్చుకుని మింగేసిందో! చచ్చిపోయిన అక్కకి బతికున్న చెల్లెలు ఏమని ఎదురు చెబుతుంది? పోయిన వారం నా గదికొచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. "సార్, సెమినార్లో 'చివరి మాట' గురించి నేను మాట్లాడతాను. బావగారిని ముఖ్య అతిథిగా పిలవండి. నాన్నగారిని కూడా రమ్మనండి" అంది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు. నేనూ గుచ్చి అడగలేదు, పిలిచాను.

సెమినార్ హాలు అని పేరే గానీ, రెండు క్లాసుల మధ్య గోడ పడగొట్టి చేసిన గది అది. బయట మార్చి ఎండ. యార్డుకి పోయే మిర్చి లారీలు రోడ్డు మీద బారులు తీరి ఉన్నాయి. కిటికీలు తెరిస్తే ఘాటు, మూస్తే ఉక్క. మా ఊళ్లో తుమ్మితే చిరంజీవ అనే ఓపిక ఎవరికీ ఉండదు, రోజంతా అనాల్సి వస్తుంది కాబట్టి.

శశిభూషణ్ ముందు వరసలో కూర్చున్నాడు. ఇస్త్రీ నలగని లాల్చీ, సన్నటి గడ్డం. ప్రిన్సిపాల్ గారు శాలువా కప్పుతుంటే ఆయన తల వంచిన తీరు చూసి తీరాలి. అంత వినయం అద్దం ముందు సాధన చేయందే రాదు. పక్కనే అనంతపద్మనాభం గారు. అల్లుడి భుజం మీంచి శాలువా జారితే ఆయనే సర్దారు. కూతురు పోయిన మనిషికి ఇంకేం మిగిలింది, కూతుర్ని అంతగా ప్రేమించాడనుకుంటున్న ఈ అల్లుడు తప్ప! 

దుర్గ మైకు ముందుకొచ్చింది. నోట్లో నాలుక లేని పిల్ల అని మా స్టాఫ్ రూములో దానికి పేరు. అటెండెన్సుకి పలికినా వినపడక రెండోసారి పిలవాల్సిందే. అలాంటిది కాగితమైనా తెచ్చుకోలేదు.

"సభకి నమస్కారం" అంది. "ఈ కవిత నాటకీయ స్వగతం. దీంట్లో ముగ్గురుంటారని హయాత్ సార్ చెప్పారు. రాసిన మనిషి, మాట్లాడే మనిషి, నోరెత్తకుండా వినే మనిషి. రాసినవాళ్లూ మాట్లాడేవాళ్లూ ఒకరే అని పరీక్షలో రాస్తే సున్నా పెడతానని కూడా చెప్పారు."

పిల్లలు నవ్వారు. నిజమే, చెప్పాను.

"మాట్లాడేవాడు తన గురించి మంచిగా చెప్పుకుంటూనే, తనకే తెలియకుండా అసలు సంగతి బయటపెట్టేస్తాడంట. వాడేం చెప్పాలనుకున్నాడో అందరూ చూస్తారు, చెప్పకూడనిది ఎక్కడ జారిందో మీరు చూడండి అన్నారు సార్. నేను అది చూశాను."

తర్వాత కవిత చదివింది. చూసి కాదు, నోటికే.

"కళ్లం మీద కాయలు తిరగేస్తున్నవాణ్ణి
గుండె ఝల్లుమంటే పరుగెత్తుకొచ్చాను.
ఎరుపంటిన ఈ చేతులతోనే
నీ రెండు కళ్లూ తుడిచాను.
నువ్వు రెప్పయినా వాల్చలేదు.
నన్నే చూస్తూ అన్నావు:
'నా చెల్లెలుంది. దాని ఒడిలో మన పాపని పెట్టు,
నా చోట దాన్ని కూర్చోబెట్టు.'
ఆ మాట నా నెత్తిన పెట్టి వెళ్లిపోయావు.
ఊరంతా నన్ను చూసి ఏడ్చింది.
నేను మాత్రం ఏడవలేదు,
ఇచ్చిన మాట మోసేవాడికి ఏడుపెక్కడిది?"

హాలు బరువెక్కింది. అనంతపద్మనాభం గారు కండువాతో కళ్లొత్తుకున్నారు. శశిభూషణ్ కళ్లు మూసుకుని, ఆ బాధ ఇప్పుడే తగిలినట్టు తల ఊపాడు.

"ఇక్కడ కాయ కోతకీ కళ్లానికీ వెళ్లినవాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి" అంది దుర్గ.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పిల్లలు. సగానికి పైగా ఎత్తారు.

"ఆ పని చేసొచ్చిన చేతులతో ఎవరైనా ఎవరి కళ్లయినా తుడిచారా?"

వెనక బెంచీలోంచి దుర్గ క్లాస్‌మేట్ రచన ఫక్కున నవ్వింది. ఆ పిల్లకి మైకు అక్కర్లేదు. "తుడిస్తే ఇంకేమన్నా ఉందా దుర్గా, కళ్లు పేలిపోవూ! మా అమ్మ కోతకెళ్లొస్తే పెరుగు రాసుకుని, చేతులు కడుక్కునేదాకా మా తమ్ముడి దరిదాపులకి పోదు. వాడెంత గుక్కపట్టి ఏడ్చినా సరే..."

అక్కడ ఆగిపోయింది. ఏం అన్నదో అప్పుడు తెలిసినట్టుంది. నవ్విన మొహం అలాగే ఉండిపోయింది.

మా అమ్మ నసీమున్నీసా మిరపకాయల తొడిమలు తీసే పనికెళ్లేది. సాయంత్రం ఇంటికొచ్చాక ఆముదం పూసుకుని, మంట చల్లారేదాకా చేతులు గాల్లో పెట్టుకుని కూర్చునేది. మేం ఏడిస్తే మోచేతులతో దగ్గరికి లాక్కునేది, భుజంతో మా మొహాలు తుడిచేది. అరచేత్తో తుడిచింది నాకు గుర్తే లేదు. ఈ చుట్టుపక్కల ఏ తల్లయినా అంతే. చంటిపిల్లాడికి కూడా తెలిసిన సంగతి ఇది. అలాంటిది "ఎరుపంటిన ఈ చేతులతోనే" అన్న ముక్క దగ్గర మేమంతా మురిసిపోయి ఏడ్చాం. వంటింట్లో మండే కారం పుస్తకంలోకి రాగానే చల్లబడిపోతుందనుకున్నాం కాబోలు. కవిత్వం చదివేటప్పుడు మన ఊరిని గుమ్మం బయట చెప్పుల దగ్గర వదిలేసి లోపలికెళతాం. దరిద్రపు అలవాటు!

దుర్గ గొంతు పెంచలేదు. "అయితే రెండే దార్లు. ఇతను నిజంగా కళ్లం మీంచి వచ్చి, ఆ చేతులతో ఆవిడ కళ్లు తుడిచుంటే, ఆవిడ గావుకేక పెట్టాలి. కనీసం కళ్లు మూసుకోవాలి. రెప్పయినా వాల్చలేదని ఇతనే చెబుతున్నాడు. అంటే అప్పటికే ప్రాణం లేదు. ప్రాణం లేని మనిషి మాట్లాడదు. కాదు, బతికే ఉందంటారా? అప్పుడా చేతులకి కారం లేదు. ఇతను కళ్లం నుంచి రాలేదు. మరెక్కడున్నాడు? ఎటు చూసినా ఒకటి అబద్ధం. ఈ కవితలో మాట్లాడే మనిషి అబద్ధాలకోరు. నా పరిశీలన ఇంతే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు, నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను.

శశిభూషణ్ లేచాడు. మనసులో ఏమున్నా మొహం మీద చిరునవ్వే. మైకు చేతికి తీసుకున్నాడు.

"చూడమ్మా దుర్గా, చాలా బాగా చదివావు. నాకు గర్వంగా ఉంది. కానీ కవిత్వాన్ని పంచనామా చేసినట్టు చూడకూడదు. ఎరుపంటిన చేతులంటే అదొక చిత్రం. కష్టజీవి చేతులు. అయినా నువ్వే మొదట్లో చెప్పావుగా, మాట్లాడేవాడు కవి కాడని. హయాత్ గారు బోధించిన సూత్రమే. ఆ మనిషి నేను కాదు తల్లీ, నేను సృష్టించిన పాత్ర. వాడు అబద్ధాలాడితే దానికి నేనెలా బాధ్యుణ్ణి?"

చప్పట్లు మోగాయి. స్టాఫ్ వరసలో ఒకరిద్దరు "శభాష్" అని కూడా అన్నారు. నా సూత్రం పట్టుకుని నా నెత్తి మీదే కొట్టాడు, ఏం చెయ్యను?

దుర్గ ఆ చప్పట్లు ఆగేదాకా ఉంది.

"అయితే ఆ మనిషి మీరు కాదు కదా బావగారూ?"

"కాదమ్మా."

"అయితే అతనికి భార్య చెప్పిన ఆఖరి మాట కూడా మా అక్క చెప్పింది కాదు. పాత్ర చెప్పింది. అంతేనా?"

చిరునవ్వు అక్కడే ఆగింది. అనంతపద్మనాభం గారు కండువా ఒళ్లో పెట్టుకుని తలెత్తారు.

"ఆ మాట పట్టుకునే ఆదివారం మా ఇంట్లో తాంబూలాలు పెట్టుకున్నారు" అంది దుర్గ. మైకులో ఆ పిల్ల ఊపిరి కూడా వినపడుతోంది. "అక్క మాట కాకపోతే నాకీ పెళ్లి వద్దు నాన్నగారూ. మీకెప్పట్నుంచో చెప్పాలనుకుంటున్నాను, చెప్పలేకపోయాను. నాకిష్టం లేదు."

కన్నతండ్రికి ఇంట్లో చెప్పలేని మాట రెండు వందల మంది మధ్య చెప్పింది. ఇంట్లో అయితే అక్క ఫొటో అడ్డం వచ్చేది. ఇక్కడ ఫొటో లేదు. అనంతపద్మనాభం గారు ఆ పిల్లని కొత్తగా చూస్తున్నట్టు చూస్తూ ఉండిపోయారు.

"ఆగు, ఆగు" అన్నాడు శశిభూషణ్. "తొందరపడకు. నేనన్నది చేతుల సంగతి. అది కల్పన. మాట మాత్రం నిజం. రాజేశ్వరి నోటి నుంచి వచ్చింది వచ్చినట్టు రాశాను. మామయ్యగారూ, పదకొండో రోజున మీకు చెప్పలేదూ?"

"చెప్పారు నాయనా" అన్నారాయన మెల్లగా.

"అక్కకి ఆయాసం వస్తే ఎలా ఉండేదో మీకు తెలుసుగా నాన్నగారూ" అంది దుర్గ. "నీళ్లు కావాలన్నా నోరు పెగిలేది కాదు. వేలు పెట్టి చూపించేది. నా పేరు పిలవాలంటే 'దు' అని ఆగిపోయేది. ఆ అక్క, ఊపిరి పోయేటప్పుడు, ఒడిలో పాపని పెట్టు, నా చోట దాన్ని కూర్చోబెట్టు అని, ఇంత పొడుగు మాట, ఎక్కడా తడబడకుండా చెప్పిందా?"

ఇక ఆ తర్వాత ఆ పిల్ల ఏమీ అనలేదు.

క్లాసులో నేను పదే పదే చెప్పే సంగతి ఒకటుంది. వినేవాడు బదులు చెబితే అది మామూలు సంభాషణ అయిపోతుంది. బదులు చెప్పకుండా నిలబడితే, మాట్లాడేవాడికి ఆ నిశ్శబ్దం గొంతు మీద కూర్చుంటుంది. దాన్ని పూడ్చడానికి ఇంకా మాట్లాడతాడు, మాట్లాడేకొద్దీ లోతుకి దిగుతాడు. దుర్గ చేతులు కట్టుకుని బావగారి మొహంలోకి చూస్తూ నిలబడింది. అంత చక్కగా పాఠం అప్పజెప్పిన విద్యార్థిని నేను చూడలేదు.

శశిభూషణ్ శాలువా తీసి కుర్చీ మీద పడేశాడు. "ఏమనుకుంటున్నావే నువ్వు? నలుగుర్లో నన్ను దోషిలా నిలబెడతావా? చదువు చెప్పించింది దీనికా?" అన్నాడు. దుర్గ పలకలేదు. "మీ అక్క పోయిన బాధ నీ ఒక్కదానికేనా? నేను మనిషిని కానా?" దుర్గ పలకలేదు. హాల్లో ఎవరూ పలకలేదు. ఆయన నా వైపు తిరిగాడు. "హయాత్ గారూ, ఇదంతా మీ తర్ఫీదే అని నాకు తెలుసు." నేనూ పలకలేదు. నాకు అప్పటికే అర్థమైంది, మనం నోరు విప్పితే ఆయన బతికిపోతాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాణ్ణి సామెతలో చూశాం గానీ ఎదురుగా చూడటం వేరు. ఆయన నుదుటి మీద చెమట గడ్డంలోకి దిగుతోంది.

"అసలు మీకందరికీ నిజం కావాలి, అంతేగా?" అన్నాడు చివరికి. "వినండి. ఆ కవిత నేను రాయలేదు. రాజేశ్వరి రాసింది. ఆవిడే స్వయంగా తన చేత్తో రాసి నాకిచ్చింది. కారం చేతులో, రెప్పలో, ఏం తిక్క పుట్టి రాసిందో వెళ్లి మీ అక్కనే అడుగు! నా మీద పడి ఏడుస్తావేంటి?"

గెలిచిన మొహం పెట్టి కూర్చోబోయాడు.

ఒక సంగతి చెప్పాలి. రాజేశ్వరి కూడా నా స్టూడెంటే. కిటికీ పక్క సీటు, గాలి కోసం. మాట్లాడేవాడు కవి కాడని నేను పాఠం చెప్పిన రోజున క్లాసయ్యాక వచ్చి అడిగింది: "అయితే సార్, ఆడమనిషి మగవాడి గొంతుతో రాయొచ్చా? వాడి చేతే వాడి గుట్టు చెప్పించొచ్చా?" రాయొచ్చమ్మా అన్నాను. అంతలో పెళ్లయి దర్శి వెళ్లిపోయింది. మళ్లీ చూడలేదు.

రాసింది. నేను చెప్పిన దానికంటే బాగా రాసింది. తను పోయాక మొగుడు నలుగురికీ ఏం చెబుతాడో, కళ్లం మీదే ఉన్నానని ఎలా బుకాయిస్తాడో, పెళ్లికి ఎవరిని అడుగుతాడో, ఆ అడగటాన్ని ఎవరి నోట్లో పెడతాడో అన్నీ ముందే రాసిపెట్టింది. మధ్యలో కారం చేతులు పెట్టింది. ఆ చేతుల సంగతి ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లకి ఎవరికైనా తెలుస్తుంది, కళ్లంలోకి ఏనాడూ దిగని మొగుడికి తప్ప. ఆయన తీసుకుని చదివాడు. తన కొలతలకి కుట్టిన చొక్కాలా అనిపించింది. తొడుక్కున్నాడు. పేరు తన పేరు పెట్టుకున్నాడు, అబద్ధం కూడా అందులోదే వాడుకున్నాడు. రెండేళ్లుగా సభల్లో భార్య తన మీద మోపిన నేరాన్ని తనే గొంతు వణికిస్తూ చదివి శాలువాలు కప్పించుకున్నాడు. ఆ కవితని నేను నా పిల్లలకి పాఠం చెప్పాను. నా రాజేశ్వరి అక్షరాలని గుర్తుపట్టలేక, వాడి పేరు బోర్డు మీద రాసి మరీ చెప్పాను. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందే ఏడ్చాను, సిగ్గేమీ అనిపించలేదు.

"ఎప్పుడిచ్చింది?"

అడిగింది దుర్గ కాదు. అనంతపద్మనాభం గారు లేచి నిలబడ్డారు.

"ఏది మామయ్యగారూ?"

"ఆ కవిత. మా రాజి మీకు ఎప్పుడిచ్చింది నాయనా?"

"అది... పుష్యమాసంలో అనుకుంటాను. కోతలు మొదలవకముందు. చదవండి, మీ గురించే రాశాను అంది." శశిభూషణ్ ఆ మాట కాస్త గర్వంగానే అన్నాడు. "నన్ను ఎంత అర్థం చేసుకుందో చూడండి."

"మా అమ్మాయి పోయింది ఫాల్గుణంలో." ఆయన తిథులు చూసే మనిషి. ఒక్కొక్క మాటా లెక్కగా పేర్చుకుంటూ వస్తున్నారు. "అంటే ఆ మాట మీరు ముందే చదివారు. కాగితం మీద. పదకొండో రోజున, పిండం పెట్టి వచ్చి, నా కూతురు చెప్పిందని నాకు చెప్పింది ఆ కాగితం మీది మాటే. దాని నోట మీరేమీ వినలేదు."

తేలు కుట్టిన దొంగలా ఉంది శశిభూషణ్ మొహం. గెలిచాననుకుని తనే తలుపు తీసి తనే లోపల పడ్డాడు. చుట్టూ చూశాడు. దుర్గ అలాగే చేతులు కట్టుకుని ఉంది. బయట లారీ హారన్ కొట్టింది. ఎవరో తుమ్మారు.

"అలా అనకండి మామయ్యగారూ" అన్నాడు. గొంతులో సాధన చేసిన వణుకు పోయి నిజం వణుకు వచ్చింది. "మీరు నన్ను మరీ అంత కిరాతకుణ్ణి చేసేస్తున్నారు. దిక్కులేని చావు చచ్చిపోయిందని అనుకుంటున్నారా? నేను దగ్గర లేనని అనుకుంటున్నారా? ఉన్నాను. కళ్లం సంగతి వదిలేయండి, నేనింట్లోనే ఉన్నాను. ఆ గదిలోనే ఉన్నాను. బతికే ఉంది. నా మీద ఒట్టు, పాప మీద ఒట్టు."

"బతికే ఉంది" అన్నారు అనంతపద్మనాభం గారు.

"బతికే ఉంది. నన్ను చూసింది. మాట రాలేదు, నిజమే, ఒప్పుకుంటాను. చెయ్యి చాపింది నా వైపు. నేను మంచం పక్కనే కూర్చుని ఉన్నాను."

"చెయ్యి ఎందుకు చాపింది?"

"ఇన్‌హేలర్ కోసం. గూట్లో ఉంది. నాకందేంత దూరంలోనే ఉంది, దాని కోసమే..."

మాట మధ్యలో ఆగిపోయింది. తను ఏం చెబుతున్నాడో తన చెవులతో తనే విన్నాడు. రచన రెండు చేతులతో నోరు మూసుకుంది. దుర్గ కట్టుకున్న చేతులు విడిపోయాయి, మైకు స్టాండు పట్టుకుని నిలబడింది.

అనంతపద్మనాభం గారు అల్లుడి దగ్గరకి వచ్చారు. ఎంత దగ్గరగా అంటే, ఆయన కండువా అల్లుడి లాల్చీకి తగులుతోంది. కోపం లేదు ఆ మొహంలో. ముసలాయన దేనికో బతిమాలుతున్నట్టుంది.

"ఇచ్చావా?" అన్నారు.